పాత బృందాలు, మలి రికార్డులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1970లలో పేరు తెచ్చుకున్న ప్రోగ్రెసివ్ రాక్ (పొడుగు పాటలు, మారే తాళాలతో నడిచే రాక్), అకూస్టిక్ జాజ్ (ఎక్కువగా కరెంటు లేని వాద్యాలతో వాయించే జాజ్) బృందాలు ఆ తర్వాతి దశాబ్దాల్లో చేసిన రికార్డుల మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఒకే సందేహం పలువురికి ఉన్నచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్ర: యెస్, కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్ పాత ఆల్బమ్‌లన్నీ విన్నాను. ఇప్పటివి ముట్టుకోవాలంటే జంకుగా ఉంది. పేరు అదే, మనుషులు వేరు. నిజంగా వినదగ్గవి ఏవి? – కాలేజీ అధ్యాపకుడు, ఒంగోలు

జ: మీరు అడిగిన మూడింటినీ పక్కనపెట్టి వాన్ డర్ గ్రాఫ్ జనరేటర్ బృందంతో మొదలుపెట్టండి. 1977 తర్వాత 28 ఏళ్లపాటు వాళ్ల నుంచి స్టూడియో ఆల్బమ్ లేదు. 2005లో 'ప్రెజెంట్' వచ్చింది. రెండు డిస్కులు. మొదటిదాంట్లో ఆరు పాటలు, రెండోదాంట్లో అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించినవి. ముందు మొదటి డిస్కే వినండి. తర్వాత శాక్సోఫోన్ వాయించే డేవిడ్ జాక్సన్ వెళ్లిపోయారు. ఆయన స్థానంలో ఎవరినీ తీసుకోకుండా మిగిలిన ముగ్గురే 2008లో 'ట్రైసెక్టర్' చేశారు. ఈ బృందంలో బేస్ గిటార్ వాయించడానికి వేరే మనిషి లేడు. హ్యూ బాంటన్ ఆర్గాన్ వాయిస్తూనే కాళ్లతో పెడల్స్ మీద మంద్రం పలికిస్తారు. ముగ్గురే ఉన్నా పాట బోలుగా వినిపించకపోవడానికి కారణం అదే. 2016 నాటి 'డు నాట్ డిస్టర్బ్' ఆ వరసలో మంచి రికార్డు. 2012 నాటి 'ఆల్ట్'ను చివరికి ఉంచుకోండి. అందులో గానం లేదు, కొత్తవారికి దారి దొరకదు.

కింగ్ క్రిమ్సన్ చివరి స్టూడియో ఆల్బమ్ 2003 నాటి 'ద పవర్ టు బిలీవ్'. 2014 నుంచి 2021 దాకా ముగ్గురు డ్రమ్మర్లను వేదిక ముందు వరసలో కూర్చోబెట్టి కచేరీలు చేశారు. ఆ దశలో కట్టిన కొత్త పాటలు కచేరీ రికార్డుల్లోనే దొరుకుతాయి. 2016 నాటి 'రాడికల్ యాక్షన్' సెట్ తీసుకోండి. కచేరీలో పట్టిన ధ్వని నుంచి జనం చప్పట్లు తీసేశారు, అందువల్ల స్టూడియోలో చేసినట్టే వినిపిస్తుంది.

యెస్ విషయంలో మా మాట కొందరికి నచ్చకపోవచ్చు. 2014 నాటి 'హెవెన్ అండ్ ఎర్త్' మెత్తబడిపోయిన రికార్డు, వదిలేయండి. 2023 నాటి 'మిర్రర్ టు ద స్కై' దానికంటే ఎంతో గట్టిది. దాదాపు 14 నిమిషాల టైటిల్ పాటలో స్టీవ్ హౌ గిటార్ వినండి. కీబోర్డు మనిషి లేకుండా ఆర్కెస్ట్రాతో చేసిన 2001 నాటి 'మాగ్నిఫికేషన్'ను చాలామంది దాటేస్తారు, మీరు దాటేయకండి. జెత్రో టల్‌లో 2022 నాటి 'ద జెలట్ జీన్' చాలు. పాత ఆల్బమ్‌లలో వినే మార్టిన్ బార్ గిటార్ ఇందులో ఉండదని ముందే మనసుకు చెప్పుకుని వింటే, ఇయాన్ ఆండర్సన్ వేణువు ఎంత మాట్లాడుతోందో తెలుస్తుంది.

ప్ర: పాత పాటలనే ఇప్పటి కచేరీల్లో తక్కువ శృతిలో పాడుతున్నారు. ఎందుకు? – గృహిణి, గూడూరు

జ: వయసుతో తారస్థాయి ముందుగా పోతుంది. గాయకుడు నిలవలేని చోట బృందం పాటను అరస్వరమో, ఒక స్వరమో కిందికి దింపుతుంది. గిటార్‌కు దీనివల్ల ఒక చిక్కుంది. కొన్ని పాటల్లో తీగను నొక్కకుండా వదిలి మోగించే స్వరాలు ప్రాణం. శృతి మారితే అవి అందవు. అందుకే తీగలన్నిటినీ సమానంగా వదులుచేసి, వేళ్లు పాత స్థానాల్లోనే ఉంచుతారు. వదులైన తీగకు బిగువు తగ్గి మోత మందంగా వస్తుంది. రికార్డు వింటూ 'ఏదో బరువుగా ఉంది' అనిపించేది ఇదే.

ప్ర: ఒకే ఆల్బమ్‌కు రీమాస్టర్, రీమిక్స్, యానివర్సరీ ఎడిషన్ అని నాలుగైదు రకాలున్నాయి. ఏది కొనాలి? – బ్యాంకు ఉద్యోగి, కావలి

జ: రీమాస్టర్ అంటే అప్పట్లో తయారైన రెండు చానెళ్ల టేపునే తీసుకుని హెచ్చుతగ్గులు, స్థాయి సరిచేయడం. వాద్యాల మధ్య తూకం మారదు. రీమిక్స్ అంటే పలు ట్రాకుల మూల టేపులకు వెళ్లి డ్రమ్స్ వేరుగా, గాత్రం వేరుగా తీసుకుని మళ్లీ మొదటి నుంచి కలపడం. సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ కింగ్ క్రిమ్సన్‌కు, యెస్‌కు, జెత్రో టల్‌కు, జెంటిల్ జయంట్‌కు చేసినవి ఈ రెండో రకం. వాటిలో మీరు ఇదివరకు వినని గిటార్ గీతలు తేటపడతాయి. పాత మిక్స్ అలవాటైన చెవికి కొన్నిచోట్ల ఎబ్బెట్టుగానూ ఉంటుంది. అందుకే పాత మిక్స్ కూడా కలిపి ఇచ్చే సెట్ కొనండి.

మూడో రకం జాగ్రత్తగా చూడాల్సింది: మళ్లీ వాయించినవి. కింగ్ క్రిమ్సన్ 2000 నాటి 'ద కన్‌స్ట్రక్షన్ ఆఫ్ లైట్'కు డ్రమ్స్ మూల ట్రాకులు పోయాయి. అందుకని బృందం డ్రమ్మర్ పాట్ మాస్టెలాట్టో డ్రమ్స్ అన్నీ కొత్తగా వాయిస్తే, 2019లో 'ద రీకన్‌స్ట్రక్షన్ ఆఫ్ లైట్'గా వచ్చింది. గిటార్లు 2000 నాటివి, డ్రమ్స్ చాలా ఏళ్ల తర్వాతివి. మా చెవికి ఇదే మెరుగు. మొదటిదాంట్లో డ్రమ్స్ ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టుంటాయి. యెస్ 2011 నాటి 'ఫ్లై ఫ్రమ్ హియర్' 2018లో 'రిటర్న్ ట్రిప్'గా మళ్లీ వచ్చింది. నిర్మాత ట్రెవర్ హార్న్ ముఖ్య గాత్రం తానే పాడారు. కామెల్ బృందం 2013లో తమ 1975 నాటి 'స్నో గూస్'ను పూర్తిగా తిరిగి రికార్డు చేసింది. ఆన్‌లైన్‌లో వెతికితే ఈ రెండూ ఒకే పేరుతో కనబడతాయి, సంవత్సరం చూసి తీసుకోండి.

కింగ్ క్రిమ్సన్ 40వ వార్షికోత్సవ సెట్లలో సీడీతోపాటు డీవీడీ–ఆడియో ఉంటుంది. ఇంట్లో మామూలు డీవీడీ ప్లేయర్ ఉంటే అందులోని డీటీఎస్, పీసీఎం ట్రాకులు వస్తాయి. అన్నిటికంటే నాణ్యమైన ఎంఎల్‌పీ ట్రాకు మాత్రం డీవీడీ–ఆడియో చదివే ప్లేయర్‌లోనే పలుకుతుంది. 'డిస్కు పాడైంది' అని వెనక్కి పంపేముందు ప్లేయర్ మెనూలో ఆడియో ట్రాకు మార్చి చూడండి.

ప్ర: ఆరెగాన్ అనే జాజ్ బృందంలో సితార్, తబలా ఉంటాయని విన్నాను. తర్వాతి రికార్డుల్లో అవి వినబడలేదు. వేరే బృందాన్ని వింటున్నానా? – సితార్ నేర్చుకుంటున్న విద్యార్థిని, నెల్లూరు

జ: అదే బృందం. మీరు వెతుకుతున్న వాద్యకారుడు కాలిన్ వాల్‌కాట్. రవిశంకర్ దగ్గర సితార్, అల్లా రఖా దగ్గర తబలా నేర్చుకున్న అమెరికన్. 1984 నవంబరులో బృందం ఐరోపాలో కచేరీలు చేస్తుండగా తూర్పు జర్మనీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆయన వాయించిన చివరి ఆరెగాన్ రికార్డు 1985లో విడుదలైన 'క్రాసింగ్'. సితార్ కోసమైతే ఇంకా వెనక్కి, 1970ల రికార్డులకు వెళ్లండి. 1973 నాటి 'డిస్టెంట్ హిల్స్', 1978 నాటి 'అవుట్ ఆఫ్ ద వుడ్స్' రెండూ మంచి ఆరంభం.

వాల్‌కాట్ తర్వాత త్రిలోక్ గుర్తు వచ్చారు. 1987 నాటి 'ఎకోటోపియా', 1989 నాటి '45త్ పారలల్', 1991 నాటి 'ఆల్వేస్, నెవర్ అండ్ ఫరెవర్' ఆయనతో చేసినవి. సితార్ లేదు కానీ తబలా ఉంది. డ్రమ్స్, తబలా కలిపి వాయించే ఆయన తీరు వేరు. ఆయన వెళ్లాక 'నార్త్‌వెస్ట్ పాసేజ్'తో మార్క్ వాకర్ బృందంలోకి వచ్చారు. అక్కడి నుంచి బృందంలో ఎప్పుడూ వినబడే డ్రమ్‌సెట్ ఉంది, లయ మరింత సూటిగా నడుస్తుంది. మీకు తేడా కొట్టింది ఇక్కడే అయ్యుంటుంది.

ఈ మలిదశను తక్కువగా చూడకండి. వాల్‌కాట్ కాలంలో బృందం నడక తాళవాద్యం చుట్టూ అల్లుకునేది. తర్వాత ఆ బరువు రాల్ఫ్ టౌనర్ గిటార్, పియానోల మీదికి, పాల్ మెకాండ్లెస్ ఓబో మీదికి వచ్చింది. ఓబో కూడా సన్నాయిలాగే రెండు రెల్లు పలకల మధ్య ఊదే వాద్యం. షేక్ చినమౌలానా పుట్టిన కరవది ఒంగోలు పక్కనే, నాదస్వరం విని పెరిగిన చెవులు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆ చెవికి మెకాండ్లెస్ ఊదే పొడుగు స్వరం వెంటనే పట్టుబడుతుంది. తేడా ఎక్కడంటే, నాదస్వరంలో పెదవి, ఊపిరి బలంతో గమకం వంగినంతగా ఓబోలో వంగదు. దాని బిగుతు మీటలు, సన్నని నాళం స్వరాన్ని నిలబెడతాయి. అందుకే ఆయన స్వరం వంచడంకంటే ఊపిరితో పెంచి, తగ్గించి భావం చూపిస్తారు.

కొనదగ్గది ఒక్కటే చెప్పమంటే 2000లో వచ్చిన 'ఆరెగాన్ ఇన్ మాస్కో'. చైకోవ్‌స్కీ పేరున్న మాస్కో సింఫనీ ఆర్కెస్ట్రాతో రెండు డిస్కులు. ఆర్కెస్ట్రా వెనక పరదాలాగ నిలబడదు, రచనలో పాలుపంచుకుంటుంది. తర్వాత 2012 నాటి 'ఫ్యామిలీ ట్రీ' వినండి. ఆపైన 2017 నాటి 'లాంటర్న్'. మొదటి నుంచీ డబుల్ బేస్ వాయించిన గ్లెన్ మూర్ అప్పటికి లేరు, పావోలీనో డల్లా పోర్టా వాయించారు. మూర్ బేస్ కొంచెం అల్లరిగా పక్కదారులు తొక్కేది, ఇతనిది గుండ్రంగా, పద్ధతిగా నడుస్తుంది. రెండు రికార్డులు ఒకదాని వెంట ఒకటి వింటే బేస్ మారితే బృందం మొత్తం ఎలా మారుతుందో స్పష్టంగా తెలుస్తుంది.

ప్ర: మాండొలిన్ శ్రీనివాస్ గారు జాజ్ వాళ్లతో వాయించిన రికార్డులేవి? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జ: గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ 1970ల నాటి తమ 'శక్తి' బృందాన్ని 1990ల చివర్లో తిరిగి మొదలుపెట్టిన 'రిమెంబర్ శక్తి'లో. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు 2000 నాటి 'ద బిలీవర్', 2001 నాటి 'సాటర్‌డే నైట్ ఇన్ బాంబే'లలో ఉన్నారు. మొదటిదే ముందు వినండి. నలుగురే కాబట్టి ఎవరు ఏం వాయిస్తున్నారో విడివిడిగా తెలుస్తుంది. ఆయనది ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్, మెక్‌లాఫ్లిన్‌ది ఎలక్ట్రిక్ గిటార్. రెండు నాదాలూ దగ్గరగా ఉండి కలగాపులగంగా తోస్తే ఒక గుర్తు: స్వరం ఎక్కడా నిలవకుండా గమకంతో ఊగుతూ ఉంటే మాండొలిన్, అంచు పదునుగా పరుగెత్తితే గిటార్. బాంబే రికార్డులో అతిథులెక్కువ, అది పండగ రికార్డు.

ఆయన 2014 సెప్టెంబరులో కన్నుమూశారు. 2023 నాటి 'దిస్ మొమెంట్' ఆయన లేకుండా వచ్చింది. 1977 నాటి 'నేచురల్ ఎలిమెంట్స్' తర్వాత శక్తి పేరుతో వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఇదే, 2024లో గ్రామీ అందుకుంది. శంకర్ మహదేవన్ గాత్రం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ కంజీర. జాకిర్ గారు 2024 డిసెంబరులో వెళ్లిపోయారు కాబట్టి ఈ రికార్డులోని తబలాను తీరిగ్గా, మంచి ఇయర్‌ఫోన్లలో వినండి.

ప్ర: మృదంగం నేర్చుకుంటున్నాను. ఈ పాటల్లో తాళం వేయబోతే రెండో ఆవర్తనంలోనే తప్పుతున్నాను. – డిగ్రీ విద్యార్థి, మార్కాపురం

జ: మీరు బహుశా డ్రమ్స్ తాళపు రేకు (సింబల్) వెంట పోతున్నారు. అది చాలాసార్లు కావాలనే ఎదురు నడుస్తుంది. బేస్ గిటార్‌ను పట్టుకోండి. బేస్ పలికించే మాట మళ్లీ ఎక్కడ మొదలవుతుందో అదే మీ సమం. మొదటిసారి వినేటప్పుడు లెక్కపెట్టకుండా ఆ తిరుగుడు చోట చేయి తట్టండి. రెండోసారి ఆ తట్టుకూ తట్టుకూ మధ్య అతి చిన్న అక్షరాలు ఎన్నో లెక్కపెట్టండి. ఏడొస్తే తకిట తకధిమి వేసి చూడండి, కుదరకపోతే తకధిమి తకిట. పాట వేగంగా ఉంటే యూట్యూబ్‌లో వేగం 0.75కు తగ్గించండి, శృతి మారదు.

తప్పు జరిగే చోట్లు రెండు. ఒకటి, ఐదు అనగానే మన చేయి ఖండచాపులాగ 2+3 వేస్తుంది. జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం 1959లో చేసిన 'టేక్ ఫైవ్' 3+2, అంటే తకిట తక. చేయి తిరగేసుకోవాలి. రెండు, ఒక ఆవర్తనం ఏడు, తర్వాతది ఎనిమిది అని మార్చి మార్చి వేస్తారు. మీకు రెండోసారి తప్పుతోందంటే ఇదే అనుమానించి, రెండూ కలిపి 15గా లెక్కపెట్టి చూడండి.

కష్టమైన సాధన కావాలంటే కింగ్ క్రిమ్సన్ 1981 నాటి 'ఫ్రేమ్ బై ఫ్రేమ్' తీసుకోండి. రెండు గిటార్లూ ఏడులో కలిసి నడుస్తూ ఉంటాయి. ఒకచోట ఒక గిటార్ 14 అక్షరాలకు ఒకటి తగ్గించి 13 వేస్తుంది. ప్రతి తిరుగుడుకూ ఒక్కో అక్షరం ముందుకు జరుగుతూ పోతుంది. కుడిచేత్తో ఏడు వేస్తూ, నోటితో 13 చెప్పగలిగితే ఈ సంగీతంలో మిమ్మల్ని భయపెట్టేది పెద్దగా ఉండదు.

ప్ర: ఫోన్‌లో వింటే పాటకూ పాటకూ మధ్య తెగుతోంది. అకూస్టిక్ జాజ్ మరీ నెమ్మదిగా వినబడుతోంది. – మెడికల్ రెప్రజెంటేటివ్, సూళ్లూరుపేట

జ: యాప్ సెట్టింగ్‌లలో గ్యాప్‌లెస్ (మధ్యలో ఖాళీ లేకుండా వినిపించేది) ఆన్ చేసి, క్రాస్‌ఫేడ్ (ఒక పాటను తగ్గిస్తూ ఇంకోదాన్ని పెంచేది) సున్నాకు పెట్టండి. ప్రోగ్రెసివ్ రాక్‌లో ఒక పాట తోక ఇంకో పాట తలలో కలుస్తుంది, క్రాస్‌ఫేడ్ ఆ అతుకును చెడగొడుతుంది. షఫుల్‌లో వినవద్దు.

నెమ్మది అనేది లోపం కాదు. ఈ రికార్డుల్లో చిన్న ధ్వనికీ పెద్ద ధ్వనికీ దూరం ఎక్కువ, మంద్రంగా మొదలై పెరుగుతాయి. ఈక్వలైజర్ పెంచితే పెద్ద ధ్వని పగులుతుంది. స్పాటిఫైలో నార్మలైజేషన్ (పాటలన్నిటినీ ఒకే బిగ్గరకు తెచ్చే సెట్టింగ్) మూడు స్థాయులుంటుంది: లౌడ్ అంటే దాదాపు –11, నార్మల్ –14, క్వయట్ –19 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ధ్వని బిగ్గరను కొలిచే ప్రమాణం). లౌడ్ పెడితే పెద్ద ధ్వనులను అణిచేస్తుంది. నార్మల్‌లో ఉంచి ఫోన్ వాల్యూమ్ పెంచుకోండి. బస్సులోనో బైకు మీదో ఆరెగాన్ వినడం వృథా, అక్కడ రాకే వినండి.

ప్ర: మా లైబ్రరీ హాల్లో స్నేహితులకు ఒక గంట ఈ రికార్డులు వినిపించాలనుకుంటున్నాం. మైక్ సెట్ వాళ్ల బాక్సులు చాలా? ఒకసారి పెడితే గాయకుడి గొంతే మాయమైంది. – గ్రంథాలయ సభ్యులు, కనిగిరి

జ: చాలు. గొంతు మాయమవడానికి కారణం తీగ. ఫోన్ నుంచి వచ్చే 3.5 మి.మీ. స్టీరియో పిన్నును పెద్ద స్టీరియో పిన్నుగా మార్చి మిక్సర్‌లో ఒకే బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కు గుచ్చి ఉంటారు. ఆ సాకెట్ ఎడమ చానెల్ నుంచి కుడి చానెల్‌ను తీసివేస్తుంది. రెండింటిలోనూ సమానంగా ఉండే గాత్రం, బేస్, సోలో వాద్యం సున్నా అవుతాయి, ప్రతిధ్వని మాత్రం మిగులుతుంది.

3.5 మి.మీ. స్టీరియో నుంచి రెండు 6.35 మి.మీ. మోనో పిన్నులుగా చీలే తీగ కొనండి. రెండు చానెళ్లలో లైన్ ఇన్‌పుట్‌లకు గుచ్చి, ఒకదాని పాన్ (ధ్వనిని ఎడమకో కుడికో మళ్లించే మీట) పూర్తిగా ఎడమకు, రెండోది పూర్తిగా కుడికి తిప్పించండి. ఎకో ఆపమనండి, అది అలవాటుగా ఆన్‌లో ఉంటుంది. ఫోన్ వాల్యూమ్ 80–90 శాతంలో ఉంచి, మిగిలింది మిక్సర్ గెయిన్‌తో సరిచేయాలి. ఫోన్‌లో తగ్గించి మిక్సర్‌లో పెంచితే బుసబుస వస్తుంది. ల్యాప్‌టాప్‌తో గుయ్యిమని మోత వస్తే చార్జర్ పీకేయండి. మోత ఆగితే లోపం ఎర్తింగ్‌లోనే, ల్యాప్‌టాప్‌ను, మిక్సర్‌ను ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడపండి.

బాక్సులు నేలమీద పెట్టవద్దు, స్టాండు మీద, కూర్చున్నవారి చెవి ఎత్తుకు కొంచెం పైన ఉండాలి. మూలల్లోకి నెట్టితే మంద్రం ఉబ్బి డబుల్ బేస్ బురదవుతుంది, గోడకు మూడడుగులు వదలండి. సీలింగ్ ఫ్యాన్ల హోరులో నెమ్మది వాద్యాలు మునిగిపోతాయి. జాజ్ భాగాన్ని చల్లబడిన సాయంత్రానికి పెట్టుకుని, ఫ్యాన్లు ఒకటో నంబరుకు తగ్గించండి.

ప్ర: సముద్రం పక్క ఊరు మాది. సీడీల మీద మచ్చలొచ్చి ఆగుతున్నాయి. – చేపల వ్యాపారి, కొత్తపట్నం

జ: ముందు డిస్కును బల్బు వెలుగుకు ఎత్తి చూడండి. సూది బెజ్జాలంత వెలుగు చుక్కలు కనబడితే అల్యూమినియం పొర తినేసింది, అది బాగుపడదు. ఆ పొర మెరిసే వైపు లోపల ఉందనుకుంటారు. నిజానికి మెరిసే వైపు 1.2 మి.మీ. ప్లాస్టిక్ ఉంది, పొర ఉన్నది బొమ్మ అచ్చేసిన పైభాగం కిందనే. పెన్నుతో రాసినా, స్టిక్కర్ పీకినా పోయేది అక్కడే.

బెజ్జాలు లేకపోతే అది బూజో, ఉప్పు తేమో. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో నడిమి బెజ్జం నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాకు వెంటే పోతుంది, ప్లేయర్ దాన్ని సరిదిద్దుకోలేదు. చివరికి ఆర్వో నీళ్లతో కడిగి, నిలబెట్టి ఆరనివ్వండి. స్పిరిట్ పైభాగానికి తగలనివ్వద్దు.

1980ల నాటి జంట డిస్కుల పెట్టెల్లో స్పాంజి ముక్క ఉంటే తీసి పారేయండి, అది కరిగి అంటుకుంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటుంటే, 1988–93 ప్రాంతంలో ఇంగ్లండులో అచ్చయి లోపలి వలయంలో 'పీడీఓ' అని ఉన్న డిస్కుల అంచు చూడండి. కంచు రంగు తిరిగి ఉంటే కొనవద్దు.

బాగున్నవాటిని ఇప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. సెక్యూర్ మోడ్ పెట్టి, అక్యురేట్‌రిప్ (ఇతరులు ఎక్కించిన అదే సీడీ కాపీలతో పోల్చి చూసేది) ఆన్ చేసి, ఫ్లాక్‌లో (నాణ్యత తగ్గకుండా దాచే ఫైలు రకం) దాచండి. గంట సీడీకి 300–400 ఎంబీ అవుతుంది. ఏదైనా ట్రాకు అక్యురేట్‌రిప్‌తో సరిపోలకపోతే డిస్కును మళ్లీ కడిగి, వీలైతే వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. డిస్కులను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో నిలబెట్టి ఉంచండి. రంగు మారే జెల్ తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో దానంతట అదే చెబుతుంది. అప్పుడు పొట్లంలోంచి గింజలు తీసి, ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి.